వంక పెట్టే నాలుక

పెనుకొండ సమీపాన ఒక చిన్న రైతు కుటుంబం తమ దొడ్డిలో పెరిగిన దున్న మాంసంతో మాకు విందు చేసింది. మొదటి ముద్దకే ఒక అతిథి, "హిందూపురంలో ఇంతకంటే మెత్తనిది దొరుకుతుంది" అన్నాడు. వడ్డిస్తున్న ఇల్లాలి చేయి ఆగిపోయింది. నేనూ మౌనంగా ఉండిపోయాను. అది నా తప్పు.

మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం గోవధను నిషేధించింది. దున్నలు, గేదెలైనా సేద్యానికి, పాడికి, సంతతికి ఇక ఉపయోగపడవని ధ్రువపత్రం పొందిన తరువాతే జబహ్‌కు అర్హం. వయసు మళ్ళిన, తిరిగి మేసిన పశువు కండ గట్టిగానే ఉంటుంది. రుచి మాత్రం చిక్కన. సన్నని సెగపై ఓపికగా ఉడికిస్తే మెత్తబడుతుంది. అది లోపం కాదు, స్వభావం.

దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ వంక పెట్టలేదని, ఇష్టమైతే భుజించేవారని, లేకుంటే వదిలేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అయితే అంగడి సంగతి వేరు. తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున ఉంచిన వర్తకుణ్ణి ఆయనే మందలించారు. కనుక కొనేటప్పుడు రంగు, వాసన చూడండి, పశువు వయసు అడగండి, అమ్మేవారు దాచకూడదు. కానీ దస్తర్‌ఖాన్ అంగడి కాదు. అక్కడ మన ముందున్నది సరుకు కాదు, ఒక కుటుంబపు కష్టం, అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి.

మరుసటి వారం ధర్మవరం వెళుతూ ఆ ఇంటి ముందు ఆగాను. "ఆ రోజు కూర చాలా బాగుందమ్మా" అన్నాను. ఆమె ముఖం వికసించింది. ఆ మాట ఆ రోజే అనవలసింది.