కాన్పు గదిలో కులం

పురుడు పోయడం మన పల్లెల్లో తరతరాలుగా కులం అప్పగించిన పని. తెలుగునాట అనేక ప్రాంతాల్లో మంగలి, మాదిగ స్త్రీలే మంత్రసానులు. బొడ్డుకోసి, మాయను పూడ్చి, తల్లీబిడ్డల ప్రాణాలు నిలిపిన ఆ చేతులకు సమాజం ఇచ్చిన ప్రతిఫలం చాటెడు గింజలు, ఒక పాత చీర. వాటితోపాటు అంటు. అదే పని ఆసుపత్రికి చేరి, శాస్త్రంగా, పీజీ సీటుగా మారగానే దానికి గౌరవమూ ఆదాయమూ వచ్చాయి. చేతులు మాత్రం మారిపోయాయి. మంత్రసాని వారసురాలు నేడు ప్రసూతి వార్డులో కనిపిస్తే చాలాచోట్ల ఆయాగానో, పారిశుధ్య కార్మికురాలిగానో కనిపిస్తుంది. జ్ఞానం చేతులు మారింది గానీ, నెత్తురు ఎత్తిపోసే పని పాత కులాల వద్దే మిగిలింది.

ఇది ఆసుపత్రి కాన్పును తప్పుపట్టడం కాదు. ప్రసూతి వైద్యులు నిలిపిన ప్రాణాలు అసంఖ్యాకం. 2018-20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు మాతృ మరణాలు దేశంలో 97 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ప్రశ్న వైద్యం ఉండాలా వద్దా అన్నది కాదు. ఆ వైద్యం ఏ స్త్రీకి ఏ రూపంలో అందుతోందన్నదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. 10-15 శాతానికి మించి అవసరం ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. ముహూర్తం చూసుకుని కోయించుకునే కలిగిన ఇంటికి ఇది వీలు కావచ్చు. కూలి మీద బతికే ఇంటికి మాత్రం అది అప్పు, నెలల తరబడి పోయిన పని. మరోవైపు అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ఆదివాసీ గర్భిణిని నేటికీ డోలీలో మోసుకొస్తున్నారు. అవసరం లేనిచోట కత్తి సిద్ధంగా ఉంది. అవసరమైనచోట కత్తి పట్టే వైద్యురాలే లేదు.

గర్భసంచి తొలగింపు విషయంలో ఈ అసమానత మరింత నగ్నంగా కనిపిస్తుంది. 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశంలో 3.3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2 శాతం. అంటే దాదాపు ప్రతి 12 మందిలో ఒకరు. వీరిలో చదువు అందని గ్రామీణ స్త్రీలే ఎక్కువ. దేశంలో ఇలాంటి ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. తెల్లబట్ట, నడుంనొప్పి, అధిక రక్తస్రావం వంటి బాధలతో వచ్చిన స్త్రీకి మందులతో నయమయ్యే మార్గాలున్నాయి. ‘తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అన్న ఒక్క మాట ఆ మార్గాలన్నింటినీ మూసేస్తుంది. పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముందన్న భావన ఇంట్లోనూ ఉంది, క్లినిక్‌లోనూ ఉంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారతాయి. ఒంటి కష్టమే ఆస్తి అయిన స్త్రీకి అది జీవనాధారం పోవడమే.

బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఈ ఆపరేషన్లకు బలైనవారు అట్టడుగు వర్గాల స్త్రీలేనన్నది ఆ వ్యాజ్యం ముందుంచిన ప్రధానాంశం. సమ్మతి పత్రంపై వేలిముద్ర పడినంత మాత్రాన అది సమ్మతి కాదు. రోగికి అర్థమయ్యే భాషలో, ఇతర చికిత్సలను కూడా వివరించి, కాదనే స్వేచ్ఛ ఇచ్చినప్పుడే అది సమ్మతి అవుతుంది.

కాబట్టి చేయాల్సిన పనులు స్పష్టం. ఆసుపత్రుల వారీగా సిజేరియన్, గర్భసంచి ఆపరేషన్ల లెక్కలను రోగుల వయసు, సామాజిక వర్గం వివరాలతో ప్రభుత్వాలు ఏటా బయటపెట్టాలి. రెండో వైద్యుని అభిప్రాయం లేకుండా చిన్న వయసు స్త్రీలకు గర్భసంచి తీయరాదు. సహజ కాన్పులు చేయగల మిడ్‌వైఫ్‌లను ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో నియమించాలి. ఆ శిక్షణలో మంత్రసాని కులాల ఆడపిల్లలకు ముందు చోటివ్వాలి. ప్రసూతి వైద్య పీజీ సీట్లను ప్రైవేటు కళాశాలల ఫీజులు మింగేయకుండా కాపాడాలి.

స్త్రీల వైద్యురాలు కేవలం కాన్పు చేసే వ్యక్తి కాదు. రక్తహీనతను గుర్తించి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టి, స్త్రీ చెప్పేది వినే వ్యక్తి. వినడానికి ముందు ఎదురుగా ఉన్న స్త్రీని తనతో సమానమైన మనిషిగా చూడగలగాలి. ఆ చూపును వైద్య కళాశాల నేర్పనంతకాలం, అంటు వదిలిందని చెప్పుకునే కాన్పు గదిలో కులం కొనసాగుతూనే ఉంటుంది.