ఏ రోస్టర్ పాయింటు మీద వచ్చారు?

ఇంజనీరింగ్ విభాగాల్లో కొత్త ప్రొఫెసర్లు చేరినప్పుడల్లా మన పత్రికల్లో వార్త ఒకే మూసలో వస్తుంది. వైస్ చాన్స్‌లర్‌కో, డైరెక్టర్‌కో ఇరుపక్కలా వరుసగా నిలబడిన ఫొటో. ఎవరు ఎక్కడ పీహెచ్‌డీ చేశారో ఒక జాబితా. ఇన్ని ఖాళీలు నిండాయని ఒక అంకె. ఆ పక్కనే, కోటా పెడితే ప్రతిభ ఏం కావాలని నిట్టూర్చే వ్యాఖ్య ఒకటి. నియామకాల చట్టాన్ని ఏళ్ల తరబడి చదువుతున్నవాడిగా నాకు వీటన్నిటిలోనూ ఒకటే లోపం కనిపిస్తుంది. నియామక నోటిఫికేషన్‌లో, ఎన్నో పోస్టు ఏ వర్గానిదో చెప్పే రోస్టర్‌కు యూనిట్ ఏది అని ఒక్కరూ అడగరు. డిపార్ట్‌మెంటా? మొత్తం విశ్వవిద్యాలయమా? ఎవరు ప్రొఫెసర్ అవుతారు, ఎవరు కాలేరు అన్నది సగం అక్కడే తేలిపోతుంది. సెలక్షన్ కమిటీ కూర్చునేది ఆ తర్వాత.

లెక్క చూడండి. కేంద్ర రోస్టర్‌లో ఓబీసీ వాటా 27 శాతం కాబట్టి వారి మొదటి పోస్టు 4వ పాయింటు దగ్గర వస్తుంది. ఎస్సీలది 15 శాతం, 7వ పాయింటు. ఎస్టీలది 7.5 శాతం, 14వ పాయింటు. ఇంజనీరింగ్ కోర్సులకు ఏఐసీటీఈ చెప్పే కేడర్ నిష్పత్తి 1:2:6. అంటే తొమ్మిది మంది అధ్యాపకులున్న విభాగంలో ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్లు, ఆరుగురు అసిస్టెంట్లు. ఒక్కో కేడర్‌కు ఒక్కో రోస్టర్. విభాగమే యూనిట్ అయితే ఈ తొమ్మిదింటిలో ఓబీసీకి దక్కేది ఒక్క అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు. ఎస్సీకి సున్నా, ఎస్టీకి సున్నా. అలాంటి విభాగాలు పది ఉన్నా ఎస్సీ, ఎస్టీల మొత్తం మారదు. అదే విశ్వవిద్యాలయమంతా ఒకే యూనిట్ అయితే, పది విభాగాల 60 అసిస్టెంట్ పోస్టుల్లోనే శాతం లెక్కన ఎస్సీలకు 9, ఎస్టీలకు 4 రావాలి. పోస్టులు అవే, శాతాలు అవే. గీత ఎక్కడ గీశారన్నదే తేడా.

ఈ గీతను 2017 ఏప్రిల్‌లో అలహాబాద్ హైకోర్టు మార్చింది. విశ్వవిద్యాలయాన్ని యూనిట్‌గా తీసుకోవాలన్న యూజీసీ 2006 మార్గదర్శకాల్లోని నిబంధనను వివేకానంద్ తివారీ కేసులో కొట్టేసింది. అలా లెక్కిస్తే కొన్ని విభాగాల్లో పోస్టులన్నీ రిజర్వ్ అయిపోవచ్చు, కొన్నింటిలో ఒక్కటీ కాకపోవచ్చు అన్నది కోర్టు ఆందోళన. 2018 మార్చిలో యూజీసీ ఆ తీర్పు ప్రకారం సర్క్యులర్ ఇచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అప్పీళ్లను తోసిపుచ్చింది.

హైకోర్టు ఆధారం చేసుకున్న తీర్పుల్లో 1990 నాటి నాగపూర్ విశ్వవిద్యాలయం కేసు ఒకటి. ఆ కేసులో వివాదం వేరు. ఏ సబ్జెక్టు పోస్టు ఎవరికి రిజర్వ్ చేశారో చెప్పకుండా విశ్వవిద్యాలయం ప్రకటన ఇచ్చింది. దరఖాస్తు చేసేవాడికి ఆ సంగతి ముందే తెలియాలని సుప్రీంకోర్టు చెప్పింది. అది పూర్తిగా న్యాయం. కానీ పోస్టు ఎవరిదో ప్రకటనలో చెప్పడం ఒక పని, కోటా ఎంతో లెక్కకట్టడం మరో పని. మొత్తం విశ్వవిద్యాలయం మీద లెక్కకట్టి, ఆ తర్వాత సివిల్‌లో ఈ పోస్టు, మెకానికల్‌లో ఆ పోస్టు అని ప్రకటించడానికి 1990 తీర్పు అడ్డు రాదు. రెండు పనుల్ని ఒకటిగా చదివారు కాబట్టే చిన్న విభాగాల్లో కోటా ఆవిరైంది. నా దృష్టిలో అలహాబాద్ తీర్పులోని మూల దోషం ఇదే.

దేశమంతా అధ్యాపకులు రోడ్డెక్కాక, 2019 మార్చి 7న ఆర్డినెన్స్ వచ్చింది. జూలైలో అది కేంద్ర విద్యాసంస్థల (అధ్యాపక కేడర్‌లో రిజర్వేషన్) చట్టం అయింది. 3వ సెక్షన్ ప్రకారం సంస్థ మొత్తం ఒకే యూనిట్. ‘అధ్యాపక కేడర్’ అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఏ శాఖ, ఏ సబ్జెక్టు అన్నదానితో నిమిత్తం లేకుండా, ఒకే గ్రేడ్ జీతం తీసుకునే అధ్యాపకులంతా ఒక కేడర్. మా దగ్గర ఏ స్థాయికి ఎన్ని పోస్టులో గిరిగీసి ఉండవు, కాబట్టి రోస్టర్ కుదరదు అని ఐఐటీల తరఫున వినిపించే వాదనకు ఈ నిర్వచనమే జవాబు. ఐఐటీలో కూడా చేరే మనిషికి ఒక గ్రేడ్ జీతం ఉంటుంది కదా!

ఐఐటీల సంగతికి ఇంకా వెనక్కి వెళ్లాలి. 2008లో కేంద్రం ఇచ్చిన ఆదేశం ప్రకారం సైన్స్, టెక్నాలజీ విభాగాల్లో ప్రవేశ స్థాయి పోస్టులకే కోటా. 2019 చట్టం ఆ తేడాను తీసేసింది. మరుసటి ఏడాదే, అప్పటి ఐఐటీ ఢిల్లీ డైరెక్టర్, మన కొల్లాపూర్‌కు చెందిన వి. రాంగోపాల్ రావు అధ్యక్షతన వేసిన కమిటీ, ఐఐటీలను ఆ చట్టం 4వ సెక్షన్ కింద కోటా వర్తించని సంస్థల జాబితాలో చేర్చాలని సిఫారసు చేసింది. రిజర్వుడు వర్గాల విద్యార్థుల్ని పీహెచ్‌డీకి సిద్ధం చేయడానికి రెండేళ్ల రిసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ఇవ్వాలన్న మంచి సూచన కూడా అందులో ఉంది. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, మినహాయింపు సిఫారసు చట్టం ముందు నిలవదు.

ఆ జాబితాలో ఉన్నవి ఎనిమిదే. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, మానేసర్ మెదడు పరిశోధన కేంద్రం లాంటివి. విద్యార్థుల ప్రవేశాల్లో రిజర్వేషన్ కోసం 2006లో చేసిన చట్టంలో ఉన్నదీ ఇదే జాబితా. ఐఐటీలు 1961 చట్టం నుంచీ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థలే. ఆ సంగతి తెలిసీ పార్లమెంటు రెండుసార్లూ వాటిని జాబితాలో పెట్టలేదు. తరగతిలో కూర్చునే విద్యార్థికి వర్తించే నియమం, అదే తరగతిలో నిలబడి పాఠం చెప్పే మనిషికి ఎందుకు వర్తించదు? అర్హులు దొరకడం లేదంటారు. ఇంజనీరింగ్ పీహెచ్‌డీల్ని తయారుచేసే పెద్ద సంస్థలు ఆ ఐఐటీలే. తమ ల్యాబుల్లోకి ఎవరిని తీసుకుంటే పదేళ్ల తర్వాత వాళ్లే అభ్యర్థులుగా వస్తారు.

2023 డిసెంబరులో యూజీసీ ముసాయిదా ఒకటి, నిండని రిజర్వుడు పోస్టుల్ని జనరల్‌కు మార్చే దారి తెరవబోయింది. నిరసనలు రాగానే 2024 జనవరిలో విద్యాశాఖ, 2019 చట్టం ఉండగా అలాంటి మార్పిడికి వీల్లేదని స్పష్టం చేసింది. ‘నాట్ ఫౌండ్ సూటబుల్’ అని రాసి కమిటీ లేచిపోయినంత మాత్రాన ఆ పోస్టు వేరొకరిది కాదు.

ఇదంతా కంది ఐఐటీకి, ఏర్పేడు ఐఐటీకి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వర్తిస్తుంది. జేఎన్‌టీయూలకు వర్తించదు. 2019 చట్టం కేంద్ర సంస్థల వరకే. మన రెండు రాష్ట్రాల సర్వీసు నిబంధనల్లోని వంద పాయింట్ల రోస్టర్ కొంత నయం, ఏళ్లుగా అందులో రెండో పాయింటే ఎస్సీలది. కానీ ఎస్టీలది ఎనిమిదోది. ఆరుగురు అసిస్టెంట్లున్న విభాగాన్ని విడిగా లెక్కపెడితే అక్కడా గిరిజన అధ్యాపకుడికి చోటు రాదు. ఒకే ప్రొఫెసర్ ఉన్న విభాగంలో ఆ స్థాయికి ఎస్సీ, ఎస్టీ, బీసీల్లో ఎవరి వంతూ రాదు. తెలంగాణ 2022లో తెచ్చిన ఉమ్మడి నియామక బోర్డు బిల్లు గవర్నర్ దగ్గర ఆగినప్పుడు, చర్చంతా నియామకం ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీదే నడిచింది. యూనిట్ గురించి ఒక్క మాట వినలేదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ 3వ సెక్షన్ లాంటి నిబంధన కావాలి. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, రెండు శాసనసభల్లో ఎవరైనా బిల్లు పెట్టవచ్చు. ఈలోగా వార్త రాసే మిత్రులకు ఒక విన్నపం. ఈసారి కొత్త ప్రొఫెసర్లను పరిచయం చేసేటప్పుడు రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లి రోస్టర్ రిజిస్టర్ చూపించమనండి. ఏ కేడర్‌లో ఏ పాయింటు దగ్గర మొదలుపెట్టారు, ఏ పాయింటు దగ్గర ఆపారు, ఏవి బ్యాక్‌లాగ్‌గా మిగిలాయి అన్న మూడు వివరాలు ఆ ఫొటో కింద అచ్చువేయండి.