బల్బు వెలిగితే చాలదు

కొత్త ఇంట్లోకి దిగిన వారానికే మా బంధువొకాయన ఇంటర్నెట్ కంపెనీ మీద విరుచుకుపడ్డాడు. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కడుతుంటే పైగదిలో 94 దాటడం లేదు. కంపెనీ కుర్రాడొచ్చి గోడలోని సాకెట్ విప్పాడు. క్యాట్ 6 కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో నాలుగే బిగించి ఉన్నాయి, మిగతా నాలుగూ వెనక్కి మడిచేసి ఉన్నాయి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, రెండే ఉంటే వేగం వంద దగ్గర ఆగిపోతుంది. "లైటు మినుకుమంటోంది కదా సార్, పనిచేస్తోందనుకున్నా" అన్నాడట ఆ తీగలు బిగించిన ఎలక్ట్రీషియన్. అబద్ధమేం కాదు. అతని పనిలో పరీక్ష అంటే అదే మరి.

ఇంటి కరెంటు 230 వోల్టులు. అందులో తప్పు చేస్తే చాలావరకు అప్పుడే బయటపడుతుంది: ఎంసీబీ పడిపోతుంది, లేదా బల్బు వెలగదు. సిగ్నల్ తీగల తప్పు అలా కాదు, ఏళ్ల తరబడి గోడలో నక్కి కూర్చుంటుంది. బల్బుకు ప్లస్సూ మైనస్సూ పట్టింపు లేదు. హోం థియేటర్‌లో ఒక్క స్పీకర్‌కు అవి తారుమారైతే మాత్రం మోత వస్తుంది కానీ బేస్ పలచబడుతుంది. ఇంటాయన వెళ్లి ఇంకా పెద్ద సబ్‌వూఫర్ కొనుక్కొస్తాడు! లాన్ కేబుల్ జతల మెలికను చివర్లో 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. కరెంటు వైరు చివర ఒలిచినట్టే దీన్నీ ఒలిచి పారేస్తే కేబుల్ కొన్న ప్రయోజనం సగం పోయినట్టే.

అలాగని ఎలక్ట్రీషియన్‌ను ఈ పనికి దూరం పెట్టాలనే వాదన నాకు నచ్చదు. చిన్న ఊళ్లలో సీసీ కెమెరా బిగించాలన్నా, ప్రొజెక్టర్‌కు తీగ లాగాలన్నా వచ్చేది అతనే. పైగా స్లాబులో పైపు వేసేదీ అతనే, అసలు కీలకం అక్కడే ఉంది. డబ్బు మిగులుతుందని కరెంటు వైరు, లాన్ కేబుల్ ఒకే పైపులో లాగడం మామూలైపోయింది. వైరు పైతొడుగు ఎక్కడైనా ఒరుసుకుపోతే 230 వోల్టులు నేరుగా రౌటర్‌కూ, దాన్ని ముట్టుకున్న చేతికీ చేరే ప్రమాదం ఉంది. ఇక హెచ్‌డీఎంఐ కేబుల్ మొన మన ఇళ్లలో వేసే 20, 25 మిల్లీమీటర్ల పైపుల వంపుల్లో ఇరుక్కుపోతుంది. అది ముందే తెలిసినవాడు పెద్ద పైపు వేస్తాడు. తెలియనివాడు టైల్స్ వేశాక గోడ కొడతాడు.

లోపం మనిషిలో కంటే బేరంలో ఉంది. వైరింగ్ కూలి చదరపు అడుగుకో, పాయింటుకో మాట్లాడుకుంటాం. లాన్, స్పీకర్ తీగలను "అదీ లాగేయ్" అని ఊరికే కలిపేస్తాం. ఐటీఐలోనూ ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ వేర్వేరు ట్రేడులు, వేర్వేరుగా రెండేళ్ల చదువులు. రెండో పని మొదటివాడికి ఉచితంగా వచ్చేస్తుందని మనం ఎలా అనుకుంటున్నాం? 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి సమాచార వ్యవస్థల ఏర్పాట్లకు విడిగా ఒక విభాగమే కేటాయించింది. భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చింది. మన మేస్త్రీల దాకా అవి చేరిన జాడ లేదు.

పైపులు, బాక్సులు ఎలక్ట్రీషియన్‌కే వదలండి. కొసలు బిగించే పని కూడా అతను చేయొచ్చు, ఎనిమిది తీగలనూ చూపించే కేబుల్ టెస్టర్ అతని దగ్గర ఉంటేనే. ఆ పనికి కూలి విడిగా ఇవ్వండి, ప్రతి పాయింటూ మీ కళ్ల ముందే టెస్ట్ చేయించుకోండి. స్లాబు పోయకముందు పైపుల దారులన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి దాచుకోండి.