జన్యుక్రమం సకాలంలో చేతికందాలి

2021 మే మొదటివారంలో ‘ఏపీ స్ట్రెయిన్’ అనే మాట దేశాన్ని హడలెత్తించింది. ఎన్440కె అనే జన్యుమార్పున్న కరోనా వైరస్ మిగతా రకాలకన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరమని ప్రచారం జోరందుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవారు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఢిల్లీ ప్రభుత్వం ఆదేశించింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అప్పటికే సేకరించిన జన్యుక్రమాలను ముందుపెట్టి, ఎన్440కె తగ్గుముఖం పట్టిందని, వేరే రకాలు దాని స్థానంలోకి వస్తున్నాయని తేల్చిచెప్పారు. లెక్క చేతిలో ఉండబట్టే వదంతికి జవాబు దొరికింది.

అయితే అసలు ముప్పు విషయంలో మనం ఆలస్యంగా మేల్కొన్నాం. 2020 డిసెంబరు చివర్లో కేంద్రం పది ప్రయోగశాలలతో ‘ఇన్సాకాగ్’ కూటమిని ఏర్పాటు చేసింది. పాజిటివ్ నమూనాల్లో 5 శాతానికి జన్యుక్రమ విశ్లేషణ చేయాలన్నది లక్ష్యం. రెండో ఉధృతి ముంచుకొచ్చేనాటికి ఆ లక్ష్యం దరిదాపులకు కూడా చేరలేదు. తర్వాత డెల్టాగా పేరుపడిన వైరస్ వంశం ఆనవాళ్లు 2020 అక్టోబరు నమూనాల్లోనే ఉన్నాయి. కేంద్ర ఆరోగ్యశాఖ దాని గురించి ప్రజలకు చెప్పింది 2021 మార్చి 24న! ఆ అయిదు నెలల జాప్యాన్ని క్షమించలేం.

అదే ఏడాది నవంబరులో దక్షిణాఫ్రికా ఏం చేసిందో చూడాలి. కొన్ని పీసీఆర్ పరీక్షల్లో ‘ఎస్’ జన్యువు దొరక్కపోవడాన్ని అక్కడి ల్యాబ్ సిబ్బంది గమనించారు. నమూనాలు వెంటనే సీక్వెన్సింగ్‌కు వెళ్లాయి. 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమాచారం అందింది, 26న ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. నిజం చెప్పినందుకు ఆ దేశానికి దక్కింది విమాన నిషేధాలు. ఇలా శిక్షిస్తే రేపు మరో దేశం నోరు విప్పడానికి వెనకాడుతుంది.

మన దగ్గర యంత్రాలకు పెద్ద కొరత లేదు. విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలోనూ 2022లో సీక్వెన్సింగ్ ల్యాబ్ వచ్చింది. చిక్కంతా నమూనా ప్రయాణంలో ఉంది. ఐస్‌బాక్స్‌లో చల్లదనం తగ్గితే ఆర్ఎన్ఏ ముక్కలవుతుంది. పీసీఆర్ పరీక్షలో సీటీ విలువ 30 దాటిన, అంటే వైరస్ తక్కువగా ఉన్న నమూనా నుంచి పూర్తి క్రమం రావడం కష్టం. ట్యూబు మీద సేకరించిన తేదీ, మండలం పేరు లేకపోతే ముప్ఫైవేల అక్షరాల క్రమం చదివినా ఆ రకం ఎక్కడ పాకుతోందో చెప్పలేం. ఫలితం పరిశోధన పత్రంలోకి ఎక్కడానికి ముందే జిల్లా వైద్యాధికారి బల్లమీదికి చేరాలి.

కేసులు తగ్గాయని ఈ వ్యవస్థను పడుకోబెట్టడం పొరపాటు. ఇన్‌ఫ్లుయెంజా, డెంగీ వైరస్‌లనూ ఇవే యంత్రాలు చదవగలవు. పరీక్షలకు జనం రానప్పుడు మురుగునీరే ఆధారం. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు శుద్ధి కేంద్రాల నమూనాలను బట్టి హైదరాబాద్‌లో ఆరు లక్షలమందికి పైగా వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. నమోదైన కేసులు అందులో చిన్న వంతు మాత్రమే.

రెండు తెలుగు రాష్ట్రాలూ రీఏజెంట్లకు, సిబ్బంది జీతాలకు ఏటా బడ్జెట్‌లో విడిగా నిధులు చూపాలి. ఎంపిక చేసిన ఆసుపత్రుల నుంచి ప్రతివారం నమూనాలు కదలాలి. ఫలితం జిల్లాకు పది రోజుల్లో చేరేలా గడువు విధించి, ఆ గడువు ఎంతవరకు పాటించారో ప్రతినెలా ప్రజల ముందు పెట్టాలి.