వకాల్తా మీద వేలిముద్ర వేస్తే సరిపోద్దా?

పోయిన నెల ఒక రాత్రి మా ఇంటికి ఒక వకీలు వచ్చాడు. పక్కూరి మాదిగపల్లె కుర్రాడు. వరసకి నాకు తమ్ముడు. చంకలో ఫైలు. దాన్ని నులకమంచం మీద పెట్టి, "అన్నా, ఈ కేసు ఇంక నావల్ల కాదు. అట్రాసిటీ కేసులే మానేస్తన్నా. యాక్సిడెంటు కేసులు, దస్తావేజులు చూసుకుంటా. పిల్లలున్నారు" అన్నాడు.

కొన్నేళ్ళ కిందటైతే నేను అతణ్ణి తిట్టేవాణ్ణి. "జాతి అన్నం తిని జాతిని వదిలేస్తావా" అనేవాణ్ణి. ఈసారి నోరు రాలేదు. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆ ఫైలులో ఉన్నది ఒక శ్మశానం కేసు. పల్లె శ్మశానాన్ని పక్క చేనాయన గట్టు జరుపుకుంటా జరుపుకుంటా సగం దున్నేశాడు. అడిగిన వాళ్ళను కులం పేరు పెట్టి తిట్టి, కర్రలతో కొట్టారు. ఒక ముసలామె తల పగిలింది. అట్రాసిటీ చట్టం కింద కేసయింది. పల్లె పెద్దలు వెళ్ళి మన కుర్రాడికి వకాల్తా ఇచ్చారు.

కేసు నడుస్తుండగా ఒక సాయంత్రం కోర్టు నుంచి మోటారుసైకిల్ మీద వస్తున్న ఇతణ్ణి కాలవ తూము దగ్గర ఇద్దరు ఆపారు. మొఖాలకు తువ్వాళ్ళు. చేతిలో ఇనపరాడ్డు. ఎడం చెయ్యి రెండు చోట్ల విరిగింది. కాయితాల సంచి కాలవలో పడేశారు. "ఇంకోసారి కోర్టు మెట్లెక్కితే కాళ్ళు కూడా ఉండవు" అని చెప్పి మరీ పోయారు.

పోలీసు స్టేషనుకి పోతే అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "డబ్బు లావాదేవీలేమన్నా ఉన్నాయా? ఆడ గొడవలేమన్నా ఉన్నాయా?" చట్టం చదివినవాడు, ఏ సెక్షన్ కింద ఏం రాయాలో వాళ్ళకే చెప్పగలిగినవాడు, విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని అర్ధరాత్రి దాకా బల్ల మీద కూర్చున్నాడు. "పుస్తకంలో చదవటం వేరన్నా, ఆ బల్ల మీద కూర్చోటం వేరు. ఇన్నాళ్ళూ నా కక్షిదారులు ఎట్టా కూర్చున్నారో ఆ రాత్రి తెలిసొచ్చింది" అన్నాడు. డాక్టరు గాయాల సర్టిఫికెట్ కోసం నెలల తరబడి తనే తిరిగాడు. కొట్టినోళ్ళు ఎవరో ఇప్పటిదాకా తేలలేదు.

అయినా అతను మానలేదు. చేతికి కట్టు ఉండగానే నల్లకోటు భుజాన వేసుకుని వాయిదాకి పోయాడు. మరి ఇప్పుడెందుకు మానతానంటున్నాడు?

పోయిన నెల ఆ కేసులో సాక్ష్యాల రోజు. ఐదుగురికి సమన్లు అందాయి. ముగ్గురు రాలేదు. వచ్చిన ఇద్దరూ బోనెక్కి "మేం చూడలేదండీ" అన్నారు. అరవై గడపల పల్లె నుంచి వాళ్ళ వెనక ఒక్కడంటే ఒక్కడు లేడు. ముద్దాయిలు మూడు కార్లలో బంధుబలగంతో వచ్చారు. వరండా నిండా వాళ్ళే. ఆ వరండాలోంచి ఒక్కడే ఫైలు పట్టుకుని నడిచొచ్చాడు మనవాడు. "చెయ్యి విరిగిన రోజు కూడా నేను ఏడవలేదన్నా" అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా చాలాసేపు మాట లేదు.

చెయ్యి విరగ్గొట్టినోళ్ళు ఎవరో పోలీసులు తేల్చాలి. అతని గుండె విరగ్గొట్టింది ఎవరో తేల్చటానికి పోలీసులక్కర్లేదు. మనమే.

ఆ సాక్షుల మీద నాకు కోపం లేదు. వాళ్ళ చరిత్ర నాకు తెలుసు. ఒకాయన కౌలుకి చేసే ఎకరం ముద్దాయి తోడల్లుడిది. ఇంకొకామె కూతురి పెళ్ళి అప్పు ఆ వీధిలోనే ఉంది. కోర్టుకి పోతే ఆ రోజు కూలి పోద్ది, బస్సు చార్జీ మీద పడుద్ది. పోయినా "జడ్జిగారు సెలవు, వచ్చే నెల రండి" అంటారు. ఇట్టా పదిసార్లు తిప్పాక పెద్దమనిషి వచ్చి "ఎన్నాళ్ళు తిరుగుతావే, ఇదిగో పదివేలు" అంటే ఎవరు నిలబడతారు? అట్రాసిటీ కేసులో కింది కోర్టులో రాజీ చెల్లదు. అందుకే సాక్షి నోరు కొంటారు. కాయితం మీద కేసు ఉంటది, బోనులో మాట ఉండదు. తీర్పు రోజున మనం "కోర్టులు కూడా వాళ్ళవే" అంటాం. అందులో నిజముంది. కానీ మొత్తం నిజం కాదు.

ఇంకో మాట కూడా అంటాం. "వకీలు అమ్ముడుపోయాడు." ఈ మాట నేనూ అన్నాను. ఇదే తమ్ముడి గురించి, ఇంకో కేసు పోయినప్పుడు, సభలో మైకు పట్టుకుని అన్నాను. ఆ కేసులో అసలు సాక్షి వాయిదాకి ముందురోజు ఊరొదిలి పోయాడనీ, అతణ్ణి వెతుక్కుంటా ఇతను సొంత డబ్బుతో రెండూళ్ళు తిరిగాడనీ నాకు తర్వాత తెలిసింది. మైకులో అన్న మాటని మైకులో వెనక్కి తీసుకోలేదు నేను. ఇక్కడ తీసుకుంటున్నాను.

మన వకీలు బతుకు ఎట్టా ఉంటదో మనలో ఎంతమందికి తెలుసు? కూలి చేసే అమ్మానాన్నలు. ఇంట్లో మొదటి డిగ్రీ. తర్వాత లా. సీనియర్ దగ్గర చేరదామంటే ముందు "ఏ ఊరు, ఎవరి తాలూకు" అనే ప్రశ్న. చేరాక రెండు మూడేళ్ళు ఫైళ్ళు మొయ్యటం, వాయిదాలు అడగటం, జీతం సున్నా. సొంతంగా బల్ల వేసుకుంటే "ఎస్సీ వకీలు" అని ముద్ర. వచ్చేవి అట్రాసిటీ కేసులు, జీవనభృతి కేసులు. ఫీజు "గెలిచాక ఇస్తాంలే." మరి మనవాళ్ళలో నాలుగు డబ్బులున్నోళ్ళు, ఇళ్ళ స్థలాల దావాలున్నోళ్ళు ఎక్కడికి పోతారు? పెద్దకులపు వకీలు దగ్గరికి. "ఆయన మాట జడ్జి దగ్గర చెల్లుద్ది" అంటారు. ఫీజు ఇచ్చే కేసు అక్కడ, ఇవ్వలేని కేసు ఇక్కడ. దెబ్బలు మాత్రం ఇక్కడే.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ లండన్‌లో బారిస్టరయి వచ్చి 1923లో బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెడితే, అంటరానివాడని పెద్ద సొలిసిటర్లు ఆయనకు కేసులివ్వలేదు. మహద్ చెరువు నీళ్ళ మీద మనకు హక్కు లేదని అగ్రవర్ణాలవాళ్ళు దావా వేసింది 1927లో. ముద్దాయిల్లో ఆయనా ఉన్నాడు. బొంబాయి హైకోర్టులో మనవాళ్ళు గెలిచింది 1937లో. గుక్కెడు నీళ్ళకి పదేళ్ళు. అంతటి మనిషికే పదేళ్ళు పడితే, మన వకీలు ఏడాదిలో తీర్పు తెస్తాడని ఎట్టా అనుకుంటాం?

దెబ్బలు తిన్న వకీలు మనవాడొక్కడే కూడా కాదు. వరంగల్‌లో పౌరహక్కుల న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991 డిసెంబరులో కాల్చి చంపారు. 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లాలో హైకోర్టు న్యాయవాదులు వామనరావు, నాగమణి దంపతుల్ని పట్టపగలు, నడిరోడ్డు మీద, జనం చూస్తుండగా నరికి చంపారు. హైకోర్టు వకీళ్ళకే ఆ గతి పడితే, మండలం కోర్టులో మోటారుసైకిల్ మీద తిరిగే మన కుర్రాడి ప్రాణానికి పూచీ ఎవరు?

పూచీ ఉండాలంటే జనం ఉండాలి. ఇది ఉపన్యాసం కోసం చెప్పే మాట కాదు. చుండూరు నేర్పిన పాఠం.

కారంచేడులో 1985 జులై 17న ఆరుగుర్ని చంపారు. ఆ రోజుల్లో బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ ఉద్యోగాన్ని వదులుకుని బాధితుల పక్షాన నిలబడ్డారు. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అప్పుడు నేను ఆరో తరగతి. మా నాన్న ఆ రోజు రాత్రి దీపం ఆర్పలేదు. చుండూరు జనం ఏం చేశారు? చనిపోయినవాళ్ళను ఊరి నడుమ సమాధి చేసి రక్తక్షేత్రం అన్నారు. కోర్టు మా ఊళ్ళోనే పెట్టాలన్నారు. మేం నమ్మిన వకీలే ప్రాసిక్యూటరుగా ఉండాలన్నారు. ఏళ్ళ తరబడి పట్టుబట్టి సాధించారు. సంఘటన జరిగిన చోటే ప్రత్యేక కోర్టు కూర్చుంది. బి. చంద్రశేఖర్ గారు స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వాదించారు. సాక్షులు సొంత ఊళ్ళో, సొంత జనం మధ్య నిలబడి చెప్పారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది.

2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. "చూశావా మాస్టారూ, అంత చేసినా ఏమయింది" అని మీరంటారు. నేనూ అనుకున్నాను. కానీ అన్నేళ్ళ తర్వాత కూడా బోనెక్కి, పేరుపెట్టి, వేలుపెట్టి "వీడే కొట్టాడు" అని చెప్పిన సాక్షులు మన పల్లెల్లోంచే వచ్చారు. వాళ్ళకా ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? పక్కన జనం ఉన్నారు. జనం ఉంటే గెలుపు ఖాయమని నేను చెప్పను. జనం లేకపోతే ఓటమి మాత్రం ఖాయం.

చట్టంలో మనకున్నవి కూడా మనం అడగం. 1995 నాటి అట్రాసిటీ నిబంధనల్లో 11వది చదవండి. బాధితులకీ సాక్షులకీ రానుపోను చార్జీలివ్వాలి. కనీస కూలికి తగ్గకుండా రోజు ఖర్చులివ్వాలి. 4వ నిబంధన ప్రకారం, బాధితులు కోరితే పేరున్న సీనియర్ న్యాయవాదిని కేసుకి పెట్టే అధికారం కలెక్టరుకుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన 15ఏ సెక్షన్ ప్రకారం ముద్దాయి బెయిలు అడిగితే బాధితులకి ముందే కబురు చెయ్యాలి, వాళ్ళ మాట వినాలి. సాక్షుల్ని బెదిరించకుండా రక్షణ ఇవ్వాలి. కేసు వాదించేది సర్కారు ప్రాసిక్యూటరే. మన వకీలు ఆయనకి సాయం మాత్రమే. కాబట్టి ఆ ప్రాసిక్యూటరు ఫైలు చదివాడా లేదా, సాక్షులతో మాట్లాడాడా లేదా అని అడగాల్సింది కూడా మనమే. ఒక్క వకీలు అడిగితే "నీకేంటయ్యా" అంటారు. ఇరవై మంది వెళ్ళి అర్జీ పెడితే జవాబు చెప్పక తప్పదు.

అందుకని ప్రతి పల్లెలో ఈ నాలుగు పనులూ మొదలుపెడదాం.

ఒకటి. సంఘం దగ్గర వాయిదాల పుస్తకం పెట్టండి. పల్లెలో ఎన్ని కేసులున్నాయి, ఏ కోర్టు, ఏ తారీకు, ఎవరు పోయారు, ఏం జరిగింది. చదువుకునే పిల్ల చేత రాయించండి.

రెండు. సాక్షి ఒంటరిగా కోర్టుకి పోకూడదు. ఇంటికొకరు చొప్పున వంతు వేసుకుని పదిమంది వెంట పోవాలి. అక్కడ నినాదాలొద్దు, కేకలొద్దు. నిశ్శబ్దంగా వరండాలో కూర్చోవాలి. మనవాళ్ళు అక్కడున్నారని సాక్షికి కనపడితే చాలు.

మూడు. సాక్షి ఖర్చుల కోసం కలెక్టరుకి అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. ఆ డబ్బు వచ్చేదాకా ఆగకుండా గడపకింత వేసుకుని ఆ రోజు కూలి ముందే చేతిలో పెట్టండి. జయంతికి ఫ్లెక్సీ కట్టే డబ్బులో సగం చాలు.

నాలుగు. వకీలు రాత్రిపూట ఒంటరిగా ఇంటికి పోకుండా చూడండి. మీ ఇళ్ళ స్థలాల కేసులూ అతనికే ఇవ్వండి. ఫీజు ఇవ్వండి. అనుమానం వస్తే ముందు అతన్నే అడగండి, తర్వాతే మైకు.

ఉద్యోగస్తులకి ఒక మాట. నాలాంటి పంతుళ్ళు, గుమాస్తాలు రిజర్వేషన్ మీద కుర్చీ ఎక్కాం. నెలకో రోజు సెలవు పెట్టి కోర్టు వరండాలో కూర్చోలేమా? పిల్లల పుట్టినరోజుకి పెడుతున్నాం గదా.

ఆ రాత్రి తమ్ముడు ఫైలు మా ఇంట్లోనే వదిలి పోయాడు. మర్నాడు బడి అయ్యాక నేను ఆ పల్లెకి పోయాను. తల పగిలిన ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. "మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు గదయ్యా" అంది. నాకు సిగ్గేసింది. నిజమే, ఎవరు రమ్మన్నారు? నేను రమ్మన్నానా?

వచ్చే వాయిదాకి ఇంకా మూడు వారాలుంది. ఆటోలు మాట్లాడాను. రాని ముగ్గురు సాక్షుల్లో ఇద్దరు వస్తామన్నారు. మూడోవాడి ఇంటికి ఆదివారం మళ్ళీ పోతాను. తమ్ముడు మానేస్తాడో ఉంటాడో నాకింకా చెప్పలేదు. "ఆ రోజు వరండా చూశాక చెప్తా అన్నా" అన్నాడు.

ఆ వరండా నింపాల్సింది మనం. జై భీమ్.

— ఒక పంతులు