హక్కులకు రక్తపరీక్ష అక్కరలేదు

భారతీయ ముస్లింల పుట్టుపూర్వోత్తరాల గురించి మూడు మాటలు తరచుగా వినవస్తుంటాయి. మొదటిది నింద: మీరు బాబరు సంతానం, ఈ నేల మీది కాదు. రెండవది ఆహ్వానంలా వినిపించే మాట: మీ తాతముత్తాతలూ మావారే, కనుక ఘర్ వాపసీ చేయండి. మూడవది మన ఇళ్లలోనే, ముఖ్యంగా పెళ్లి సంబంధాల వేళ వినిపించేది: మా ఖాందాన్ అరబ్బు దేశం నుండి వచ్చింది, మా నసబ్ వేరు. ఈ మూడూ రక్తాన్నే సాక్ష్యానికి పిలుస్తున్నాయి. 2021 జులైలో ఘాజియాబాద్ సభలో ఆర్‌ఎస్‌ఎస్ అధినేత మోహన్ భాగవత్ భారతీయులందరి డీఎన్‌ఏ ఒక్కటేనని ప్రకటించిన నాటి నుండి ఈ చర్చ మరింత పెరిగింది. అందుచేత ఆ సాక్షి నిజంగా ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పజాలదో మన పాఠకులు తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

శాస్త్రజ్ఞులు అనుసరించే పద్ధతి స్థూలంగా ఇది. తల్లి నుండి బిడ్డలందరికీ మైటోకాండ్రియా డీఎన్‌ఏ సంక్రమిస్తుంది. తండ్రి నుండి కుమారునికి మాత్రమే వై క్రోమోజోమ్ సంక్రమిస్తుంది. తరతరాలలో వీటిలో అరుదుగా చిన్న మార్పులు ఏర్పడి, ఆపై సంతతికి అందుతూ వస్తాయి. ఏ మార్పు ఏ ప్రాంతపు జనంలో ఎంత మేరకు ఉన్నదో పోల్చి చూస్తే ఎవరు ఎవరికి దగ్గరివారో, వలసలు ఏ దిశగా సాగాయో అంచనా వేయవచ్చును. అయితే ఒక సంగతి మరువరాదు. పది తరాలు వెనుకకు వెళితే ప్రతి మనిషికీ 1,024 మంది పూర్వీకుల స్థానాలు ఉంటాయి. వై క్రోమోజోమ్ చెప్పేది వారిలో ఒకే ఒక పురుషుని కథ. తక్కిన 1,023 మంది గురించి అది మౌనం వహిస్తుంది. షజరాలో రాసుకునే వంశవృక్షం కూడా సాధారణంగా ఆ ఒక్క గీతనే చూపుతుంది.

ఈ రంగంలో మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ ప్రపంచ ఖ్యాతి గడించింది. లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ తదితరులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2009లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం నేటి భారతీయులలో అత్యధికులు రెండు ప్రాచీన జనసమూహాల కలయిక వల్ల ఏర్పడినవారే. 2013 నాటి మరొక పరిశోధన ఆ కలయిక సుమారు 4,200 నుండి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో జోరుగా సాగి, ఆ తరువాత స్వకుల వివాహాల కట్టుబాటుతో ఆగిపోయిందని తేల్చింది. మధ్య ఆసియా గడ్డిమైదానాల పశుపాలకుల సంతతి క్రీ.పూ. 2000-1500 ప్రాంతంలో ఇక్కడికి చేరిందని 2019లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన పరిశోధన వివరించింది. అంతకన్నా ఎంతో ముందుకు వెళితే మానవులందరి మూలమూ ఆఫ్రికాయే. కాబట్టి బయటినుండి వచ్చినవారెవరు అని లెక్క తీయడం మొదలుపెడితే ఆ లెక్క ఏ ఒక్క మతం వాకిటా ఆగదు.

ఇక ముస్లింల విషయం. సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్న ఒక పరిశోధన 2010లో ప్రచురితమైంది. ఉత్తరప్రదేశ్ షియాలు, సున్నీలు, గుజరాత్, తమిళనాడులలోని దావూదీ బోహ్రాలు, కేరళ మాప్పిళ్లలు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఇరానీ షియాలు - మొత్తం 470 మందికి పైగా నమూనాలను అందులో పరీక్షించారు. ఈ సమూహాలలో అధికభాగం జన్యుపరంగా తమ ఇరుగుపొరుగు ముస్లిమేతరులకే దగ్గరగా ఉన్నారని తేలింది. బయటి రక్తపు ఆనవాళ్లు కొద్దిగా కనిపించాయి. అవీ ప్రధానంగా ఇరాన్, మధ్య ఆసియాల నుండి వచ్చినవే. ఈ తేడాను పట్టిచ్చినది పాలు. పెద్దయిన తరువాత కూడా పాలను అరిగించుకోగల శక్తినిచ్చే జన్యుమార్పు అరేబియాలో ఒక రకంగానూ, ఇరాన్ వైపు మరొక రకంగానూ ఉంటుంది. దానిని పరిశీలించిన మీదట అరేబియా నుండి చెప్పుకోదగినంత జన్యుప్రవాహం లేదని వారు నిర్ధారించారు. ఇస్లాం ఈ దేశంలో ప్రధానంగా మతస్వీకారం ద్వారానే వ్యాపించిందన్నది వారి సారాంశం.

మినహాయింపులు లేకపోలేదు. గుజరాత్, కర్ణాటకల సిద్దీలపై 2011లో వెలువడిన పరిశోధన వారి వారసత్వంలో 60 నుండి 75 శాతం ఆఫ్రికాదేనని చూపింది. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరే నేటి హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌కు స్థిరపడింది. ఆ సైనికుల వారసులు తరతరాలుగా ఇక్కడివారే. రక్తం ఆఫ్రికాదని రుజువైనంత మాత్రాన వారి పౌరసత్వంలో వీసమెత్తు తరుగుతుందా?

ఇక్కడే అసలు విషయమున్నది. బాబరు సంతానమన్న నింద అబద్ధమని శాస్త్రం చెప్పడం సంతోషమే. కాని ఆ సంతోషంలో మనం ఒక ఉచ్చులో పడుతున్నాం. “చూడండి, మా డీఎన్‌ఏ కూడా మీదే, కనుక మేమూ ఈ దేశస్థులమే” అని వాదించిన క్షణాన, డీఎన్‌ఏ వేరైతే దేశం వేరన్న సూత్రాన్ని మనమే అంగీకరించినట్లవుతుంది. అప్పుడు సిద్దీని, ఇరానీని, బార్కస్‌లోని అరబ్బు కుటుంబాన్ని మన చేతులతోనే గడప బయట నిలబెట్టినవారమవుతాం. రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం ప్రాతిపదికన వివక్షను నిషేధించింది. పౌరసత్వ చట్టం ఎక్కడా రక్తపరీక్షను కోరలేదు. అలాగే పూర్వీకులు ఒక్కరే కనుక విశ్వాసమూ ఒక్కటే కావాలన్న వాదన కూడా నిలవదు. మతాన్ని ఎంచుకునేది మనస్సాక్షి. దానికి 25వ అధికరణం హామీ ఉన్నది.

రక్తాన్ని హక్కులకు కొలబద్ద చేస్తే ఏమవుతుందో లోకం చూసింది. 2009లో బ్రిటన్ సరిహద్దు అధికారులు శరణు కోరిన సోమాలీలు నిజంగా సోమాలీలేనా అని డీఎన్‌ఏతో తేల్చబూనారు. జాతీయత జన్యువులలో ఉండదని శాస్త్రజ్ఞులే గట్టిగా ఆక్షేపించగా ఆ పథకం మూలపడింది. చైనాలోని షింజియాంగ్‌లో 12 నుండి 65 ఏళ్ల వయసు వారందరి డీఎన్‌ఏను అధికారులు సేకరిస్తున్నారని, వీగర్ ముస్లింలు అధికంగా ఉన్న ఆ ప్రాంతంలో కొందరి నమూనాలను ఉచిత ఆరోగ్య పరీక్షల మాటున తీసుకుంటున్నారని 2017లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. ముస్లిం దేశమైన కువైట్ 2015లో అందరి డీఎన్‌ఏనూ తప్పనిసరిగా సేకరించే చట్టం చేస్తే, 2017లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమే దానిని కొట్టివేసింది. మన దేశంలో 2019 నాటి డీఎన్‌ఏ బిల్లును ప్రభుత్వం 2023లో ఉపసంహరించుకున్నది. అయినా 2022 నాటి నేర ప్రక్రియ (గుర్తింపు) చట్టం జీవ నమూనాల సేకరణకు, రికార్డులను 75 ఏళ్లు భద్రపరచడానికి వీలు కల్పిస్తున్నది. అరెస్టులలో ఎవరి వాటా ఎంతో ఎరిగిన సముదాయం ఈ విషయంలో ఏమరుపాటుగా ఉండరాదు.

మూడవ మాటకు సమాధానం మనమే చెప్పుకోవాలి. అరబ్బుకు అరబ్బేతరునిపై ఆధిక్యం లేదన్నది ప్రవక్త (స) తుది హజ్ సందేశం. హబషీ బిలాల్‌కు తొలి ముఅజ్జిన్ గౌరవం దక్కిన ధర్మం మనది. మస్జిదులో ఒకే వరుసలో నిలబడి, నిఖా మాట వచ్చేసరికి దూదేకుల ఇంటిని, ఫకీరు ఇంటిని దూరం పెట్టడం ఏ దీన్ నేర్పింది? అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, గారడీ ముస్లింలు, సిద్దీలు మొదలైనవారికి 2007 చట్టం బీసీ-ఇ జాబితాలో చోటిచ్చినది వారి సాంఘిక, విద్యా వెనుకబాటును చూసి. ఆ రిజర్వేషన్‌ను రక్షించుకోవలసిన మనమే నసబ్ గొప్పలు చెప్పుకుంటూ ఆ వెనుకబాటును పెంచి పోషించడం న్యాయం కాదు.

శాస్త్రాన్ని మేము వ్యతిరేకించడం లేదు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాలలో పేరుకుపోయిన వంశపారంపర్య వ్యాధులను గుర్తించి నివారించడానికి ఈ పరిశోధనలు ఎంతో ఉపకరిస్తాయి. మేనరికాలు అధికంగా ఉన్న మన కుటుంబాలకు ఆ మేలు మరింత అవసరం. అయితే నమూనా ఇచ్చేవారికి దాని ప్రయోజనమేమిటో తెలుగులోనో ఉర్దూలోనో స్పష్టంగా వివరించాలి, వారి ఇష్టపూర్వక సమ్మతి తీసుకోవాలి, ఫలితాలు వారికి అందించాలి. వైద్యానికిచ్చిన రక్తం పోలీసు దస్త్రంలోకి చేరకుండా చట్టబద్ధమైన రక్షణ ఉండాలి. పౌరసత్వ నిర్ధారణలో జన్యు వారసత్వానికి ఏ చోటూ ఉండరాదు. ఈ కోర్కెలను ప్రజాప్రతినిధుల ముందుంచవలసిందిగా ప్రతి ఊరి అంజుమన్‌ను, మస్జిద్ కమిటీని కోరుతున్నాం. అదే సమయంలో, వచ్చే నిఖా సంప్రదింపులలో షజరా అడగకుండా నడవడిని, చదువును అడగవలసిందిగా ప్రతి కుటుంబానికీ విజ్ఞప్తి చేస్తున్నాం.