ఊరి పేరుతో మొదలుపెట్టండి

డేటా సైన్స్ నేర్చుకుంటున్న రంపచోడవరం విద్యార్థులు ఓపెన్ సోర్స్‌కు ఏమివ్వగలరు? ఈ సంచికలోని వ్యాసాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

డేటా విశ్లేషణకు వాడే పైథాన్ లైబ్రరీ పాండాస్‌ను వెస్ మెకిన్నీ 2008లో రాయడం మొదలుపెట్టాడు, ఇప్పుడది చాలా పెద్దదైంది. దాని కోడ్‌లో చెయ్యి పెట్టాలంటే కొత్తవారికి బెరుకు సహజం. అందుకే ముందు డేటా వైపు రమ్మంటున్నాను. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ప్రపంచ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు. మారేడుమిల్లి, అడ్డతీగల, వై.రామవరం మండలాల ఊళ్ల వివరాలను, ఆ పటం నుంచి డేటా తీసిచ్చే ఓవర్‌పాస్ సాయంతో దించుకోండి. పాండాస్‌లో తెరిచి, తెలుగు పేరు లేని ఊళ్లను వేరుచేయండి. ఇంగ్లిషు స్పెల్లింగు చూసి పేరు ఊహించవద్దు. ఆ ఊరి కొండరెడ్డి పెద్దనో, కోయ పెద్దనో అడిగి ఆ పటంలో రాయండి. ఎక్కడో నగరంలో కూర్చున్న నిపుణుడికి ఈ పని సాధ్యం కాదు, మీకు సాధ్యం. గూగుల్ మ్యాప్స్ నుంచి మాత్రం ఒక్క పేరూ ఎత్తి రాయకండి, లైసెన్సు ఒప్పుకోదు.

ఈ క్రమంలో పాండాస్ వివరణల్లో తికమకపెట్టే వాక్యమో, పనిచేయని ఉదాహరణో తగులుతుంది. దాన్ని సరిచేసి గిట్‌హబ్‌లో పంపండి. సమీక్షకులు మార్పులు అడిగితే కాదన్నారని కుంగిపోకండి, అక్కడ అందరికీ జరిగేదే అది. సిగ్నల్ లేదని ఆగనక్కర్లేదు. ఇంటర్నెట్ లేకపోయినా గిట్ మీ మార్పులను మీ కంప్యూటర్లోనే భద్రపరుస్తుంది, ఘాట్ దిగి వచ్చాక పంపుకోవచ్చు.